గుండ్రటి ఇంటికి మూలలుండవు

మూలన పడేద్దామంటే
మా ఇంటికి మూల లేదు.
జల్లెడ లాంటి చెక్కగోడ చుట్టూ తిరిగి
మళ్ళీ తలుపు దగ్గరికే వస్తుంది.
నడుమ పొయ్యి, పొయ్యి చుట్టూ ముగ్గురు పిల్లలు.
ఎవరు ఏది విసిరినా
నట్టింట్లోనే పడుతుంది.

ఉలాన్‌బాతర్‌లో మా అక్కది ఏడో అంతస్తు, మూడు గదులు.
"నీకేమే యాంజ్‌మా,
చీపురు ఒక్క చుట్టు తిప్పితే ఇల్లు శుభ్రం"
అంటుంది ఫోన్లో.
ఆ మూడింట్లో ఒక గది ఎప్పుడూ మూసే ఉంటుంది.
చుట్టాలొస్తున్నారంటే
అన్నీ అందులోకి తోసి గడియ పెడుతుంది.
నాకున్నది ఒక్క తలుపు.
దాని అవతల గాలి, గొర్రెలు.

అందుకే సామానంతా పైకి పాకింది.
దువ్వెన, కత్తెర, సూదుల డబ్బా
గోడచెక్కల సందుల్లో.
మంద టీకాల కాగితాలు
పైకప్పు వాసాల మధ్య.
ఎనెరెల్ నిలబడ్డ రోజున ఒక జానెడు పైకి,
అడుగేసిన రోజున ఇంకో జానెడు.
ఇప్పుడు గరిటె కావాలంటే
నేనే మునివేళ్ళ మీద లేస్తున్నాను.

సొలొంగోకి ఏడేళ్ళు.
దాని ఆస్తి గొర్రెల చీలమండ ఎముకలు, నలభై మూడు.
ఒక పక్క పడితే గుర్రం, ఒక పక్క ఒంటె,
ఇంకోలా పడితే గొర్రె, మేక.
నేలంతా పరిచి మందను తోలుతుంది,
నీళ్ళకు తీసుకెళుతుంది,
తోడేలొచ్చిందని నా దిండు కింద దాస్తుంది.
అర్ధరాత్రి పొయ్యిలో పిడక వేద్దామని లేచి
నేను ఒంటెను తొక్కుతాను.
అరవకూడదు, అరిస్తే ముగ్గురూ లేస్తారు.
ఒంటికాలి మీద నిలబడి
నోట్లోనే తిట్టుకుని
దాన్ని మళ్ళీ మందలో కలుపుతాను.

తుగుల్దుర్ తెచ్చేవి వేరు.
గులకరాళ్ళు, తాడు ముక్కలు, ట్రక్కు నట్లు,
ఒకసారి టోపీలో ముళ్ళపంది పిల్ల.
"ఇది ఏడుస్తుందమ్మా, బయట పెడితే."
పెట్టాను. ఏడ్చింది వాడు.

ఒక్కటే కట్టుబాటు మా ఇంట్లో:
ఇల్లు కదిలే రోజున
ఒక్కొక్కరికి ఒక పాత ఉన్నిబూటు.
బూటులో పట్టినంతే నీది.

సెప్టెంబరు చివర, తెల్లవారకముందే
దోర్లిగ్ తాళ్ళు విప్పాడు.
కంబళ్ళు దిగాయి, వాసాలు దిగాయి,
గోడ ముడుచుకుని కట్ట అయింది.
రెండు గంటల్లో
ఇల్లు ట్రక్కెక్కి కూర్చుంది.
మంచం ఎత్తిన చోట బయటపడ్డాయి
ఒంటరి మేజోడు,
ఎనెరెల్ పళ్ళగాట్లున్న ఎండు పెరుగు ముక్క,
జూన్‌లో నువ్వే పోగొట్టావని
మొగుడితో మూడు రోజులు మాట్లాడకుండా చేసిన స్క్రూడ్రైవర్.
జేబులో వేసుకున్నాను.
ఇవాళ చెప్పను.

చుట్టూ గడ్డి, మధ్యలో పాలిపోయిన గుండ్రం.
బూడిద ఎత్తాను, మేకులు దిగిన గుంతలు పూడ్చాను.
తీసుకున్నట్టే నేలను తిరిగివ్వాలి, అత్తగారి మాట.
గోడ లేదు, కప్పు లేదు,
ఆకాశం కింద వంగి
లేని ఇంటిని ఊడుస్తున్నాను.
ఇన్నేళ్ళకు మొదటిసారి
ఊడ్చింది ఊడ్చినట్టే ఉంది.
అంత శుభ్రం చూస్తే
ఎందుకో కాళ్ళు చల్లబడ్డాయి.

అప్పుడొచ్చాడు ఎనెరెల్.
ఏ పక్కనుంచైనా రావచ్చు,
తలుపున్న వైపుకి తిరిగొచ్చి
లేని గడపను తొక్కకుండా
కాలు ఎత్తెత్తి దాటి
లోపలికొచ్చాడు.
సొలొంగొ పొయ్యి ఉన్నచోట కూర్చుని లేచింది.
లేచిన చోట ఒక ఎముక, గుర్రం పైకి.
చూశాను.
చూడనట్టు చీపురు అటు తిప్పాను.

దోర్లిగ్ హారన్ కొడుతున్నాడు.
ఒళ్ళో ఎనెరెల్, కాళ్ళ దగ్గర మూడు బూట్లు,
గుట్ట దాటాక సొలొంగొ లెక్కపెడుతోంది:
నలభై ఒకటి, నలభై రెండు.
నేను అడగలేదు, అది చెప్పలేదు.

ఇరవై కిలోమీటర్లు పోయాక గుర్తొచ్చింది,
చీపురు అక్కడే వదిలేశాను.